జైలు చాలనప్పుడు ఏం అడగాలి? నెల్లూరు, ప్రకాశం జిల్లాలకు పనికొచ్చే దారుల బేరీజు

మొన్న ఒంగోలులో కొందరు లాయర్ మిత్రులు జైళ్ల ఇరుకు మీద వినతిపత్రం రాయడానికి కూర్చున్నారు. న్యాయసహాయం పని మీద కొన్నేళ్లుగా జైళ్లకు వెళ్లి వస్తుంటాను కాబట్టి నన్నూ పిలిచారు. "ఏం అడుగుదాం అన్నా? ఉన్న జైల్లోనే కొత్త బ్యారక్ అడుగుదామా, వేరే చోట కొత్త జైలు కట్టమందామా, పాత సబ్ జైళ్లు బాగుచేయమందామా?" అన్నారు. అక్కడ తోచింది చెప్పాను గానీ, ఇంటికొచ్చాక అది సరిపోలేదనిపించింది. ఒక్కో దారికి ఒక్కో ఖర్చుంది, ఒక్కో ఆలస్యం ఉంది. లోపలున్న మనిషికీ, బయట ఎదురుచూసే ఇంటివాళ్లకూ ఒక్కోదానితో ఒక్కో రకం మేలు, ఒక్కో రకం కష్టం. అన్నిటినీ పక్కపక్కన పెట్టి చూసి రాసుకున్నది ఇది. మీ ఊళ్లో కూడా ఇలాంటి వినతిపత్రం మీద సంతకం పెట్టాల్సి వస్తే పనికొస్తుంది.

చోటంటే ఎంత?

"ఇంకో వంద మందికి చోటు కావాలి" అని తేలిగ్గా అంటాం. 2016 నాటి మోడల్ ప్రిజన్ మాన్యువల్ (జైళ్లకు కేంద్రం ఇచ్చిన నమూనా నియమావళి) ప్రకారం బ్యారక్‌లో ఒక్కో ఖైదీకి పడుకునేందుకు 3.71 చదరపు మీటర్లు ఉండాలి. దాదాపు 40 చదరపు అడుగులు. రెండు నులక మంచాలు వేసి, మధ్యలో నడిచే దారి వదిలితే అంతే. రాత్రి పూట పది మందికి ఒక మరుగుదొడ్డి ఉండాలి, పగలు వాడేవి ఆరుగురికి ఒకటి. మనిషికి రోజుకు 135 లీటర్ల నీళ్లు. ఆరుగురు ఖైదీలకు ఒక కాపలా ఉద్యోగి.

వంద మందికి లెక్క వేస్తే పడుకునే చోటే సుమారు 4,000 చదరపు అడుగులు. రాత్రికి పది మరుగుదొడ్లు, రోజుకు 13,500 లీటర్ల నీళ్లు, 17 మంది కాపలా సిబ్బంది. ఇందులో కాంట్రాక్టర్ కట్టి ఇవ్వగలిగేవి మొదటి రెండే. నీళ్లు వేరే శాఖ ఇవ్వాలి, ఉద్యోగాలు ఆర్థిక శాఖ మంజూరు చేయాలి. బ్యారక్‌కు రంగులు వేసి రిబ్బన్ కత్తిరించాక కూడా వార్డర్లు లేక తాళం తీయకపోతే, అది చోటు పెరగడం కిందికి రాదు. అందుకే ఏ దారి గురించి మాట్లాడినా ఈ నాలుగూ కలిపే చూడండి.

లోపల ఎవరున్నారు?

2022 చివరి నాటి జాతీయ నేర గణాంకాల సంస్థ లెక్క ప్రకారం దేశంలోని జైళ్లలో 4,36,266 మందికి చోటుంటే 5,73,220 మంది ఉన్నారు. అంటే వంద మంది పట్టే చోట 131 మంది. వాళ్లలో శిక్ష పడనివాళ్లు, అంటే విచారణ ఖైదీలు, వందకు 76 మంది. నలుగురిలో ముగ్గురు నేరం చేశారని ఏ కోర్టూ ఇంకా చెప్పలేదు.

జైలు నిండడాన్ని మన చెరువు లెక్కలోనే చూడొచ్చు. నీళ్లు ఎక్కువయ్యాయంటే వాగు పెద్దగా వస్తోందని ఒక కారణం కావచ్చు, తూము పూడిపోయిందని ఇంకో కారణం కావచ్చు. రెండిటికీ కట్ట ఎత్తు పెంచడమే మందనుకుంటే, మరుసటి ఏడు మళ్లీ పెంచాల్సి వస్తుంది. అర్థం కావడానికి ఒక ఊహా లెక్క చూద్దాం. ఒక జైల్లో 200 మందికి చోటుంది. నెలకు 60 మంది కొత్తగా రిమాండ్‌కు వస్తారు. ఒక్కొక్కరు సగటున నాలుగు నెలలు ఉంటే లోపల ఎప్పుడూ 240 మంది ఉంటారు. అదే సగటు మూడు నెలలకు తగ్గితే 180 మందే ఉంటారు. ఒక ఇటుక కూడా పేర్చకుండా 60 చోట్లు ఖాళీ అవుతాయి.

ఈ లెక్క చూశాక నా అభిప్రాయం ఒక్కటే. మన రెండు జిల్లాల్లో ముందు తూము పూడిక తీయాలి, అంటే బయటికి రాదగినవాళ్లు త్వరగా వచ్చేలా చూడాలి, ఆ తర్వాత కోర్టులకు దగ్గరగా చిన్న జైళ్లు బాగుచేయాలి, పెద్ద కట్టడాలు చివరన రావాలి. ఎందుకో ఒక్కో దారినీ చూస్తూ చెబుతాను.

చెముడుగుంటలో కొత్త బ్యారక్‌లు

రాష్ట్రంలో కేంద్ర కారాగారాలు నాలుగు. రాజమండ్రి, విశాఖపట్నం, కడప, నెల్లూరు. నెల్లూరుది ఊరికి దక్షిణంగా వెంకటాచలం మండలం చెముడుగుంట దగ్గర, జాతీయ రహదారి పక్కన ఉంది. అక్కడ చుట్టుగోడ, గేటు, వంటశాల, ఆసుపత్రి, పని నేర్పే షెడ్లు ముందే ఉన్నాయి కాబట్టి కొత్తగా కట్టేది బ్యారక్ ఒక్కటే. తలసరి ఖర్చు తక్కువ, కట్టడాలన్నిటిలో త్వరగా తెమిలేది కూడా ఇదే. పదేళ్లు, పద్నాలుగేళ్లు శిక్ష పడ్డవాళ్లకు ఇది సరైన చోటు. వాళ్లకు పని కావాలి, చదువు కావాలి, వైద్యం కావాలి. అవి పెద్ద జైల్లోనే కుదురుతాయి.

చిక్కేమిటంటే, బ్యారక్ పెరిగినంతగా మిగతావి పెరగవు. అదే వంటశాలలో ఎక్కువ మందికి వండాలి, అదే కాలువలోకి ఎక్కువ మురుగు పోవాలి, ఇంటివాళ్లు వచ్చి కలిసే ములాఖత్ కిటికీలు మాత్రం అన్నే ఉంటాయి. ఖాళీ స్థలంలో కడితే ఖైదీలు పొద్దున నడిచే చోటు పోతుంది. ఉన్నదాని మీదే అంతస్తు వేస్తే స్థలం మిగులుతుంది గానీ పునాది ఆ బరువు మోస్తుందో లేదో ఇంజినీర్లు రాసివ్వాలి, మెట్ల దగ్గర అదనపు కాపలా పెట్టాలి. అడిగేవాళ్లు "బ్యారక్" అని ఒక్క మాట రాయకుండా బ్యారక్, వంటశాల, మురుగు, ములాఖత్ గది కలిపి ఒకే అంచనాగా వేయమని రాయాలి. విడివిడిగా అడిగితే మొదటిది వస్తుంది, మిగతావి ఫైల్లోనే ఉండిపోతాయి.

రిమాండ్ ఖైదీలకు ఇది మంచి దారి కాదు. గిద్దలూరు వైపు పల్లె నుంచి నెల్లూరుకు రావాలంటే ఆ తల్లికి ఒక రోజు పోతుంది, ఒక రోజు కూలి పోతుంది. జాలీ అవతల కొడుకుతో కాసేపు మాట్లాడి మళ్లీ బస్సెక్కాలి. రెండోసారి రాదు. ఇంట్లో వాళ్లు రావడం మానేస్తే లాయర్‌తో మాట్లాడేవాళ్లు ఉండరు, జామీను పెట్టేవాళ్లను వెతికేవాళ్లు ఉండరు. దూరం వల్లే కొందరు ఎక్కువ రోజులు లోపల ఉండిపోవడం నేను మళ్లీ మళ్లీ చూశాను.

వేరే చోట కొత్త జైలు

ప్రకాశం జిల్లా 1970లో ఒంగోలు జిల్లాగా పుట్టింది. గుంటూరు నుంచి కొంత, నెల్లూరు నుంచి కొంత, కర్నూలు నుంచి కొంత తీసి కలిపారు. రెండేళ్లకు టంగుటూరి ప్రకాశం పంతులు గారి పేరు పెట్టారు. మూడు జిల్లాల అంచులతో ఏర్పడ్డ జిల్లా కాబట్టి పాత పెద్ద సంస్థలు చాలా వరకు పాత జిల్లా కేంద్రాల్లోనే ఉండిపోయాయి. ఒంగోలులో జిల్లా జైలుంది గానీ కేంద్ర కారాగారం లేదు. "మనకూ ఒకటి కావాలి" అనే కోరిక న్యాయమైనదే.

అయితే భూమి ఎక్కడ? తీరం వైపు రహదారి పక్కన, రామాయపట్నం పోర్టు మాట వచ్చాక, ప్రభుత్వానికైనా భూమి తేలిగ్గా దొరకదు. పడమటి వైపు భూమి దొరుకుతుంది, నీళ్లు దొరకవు. కనిగిరి ప్రాంతంలో ఫ్లోరైడ్ బాధ తెలియనివాళ్లు లేరు. 500 మంది జైలుకు రోజుకు 67,500 లీటర్లు కావాలి. 5,000 లీటర్ల ట్యాంకర్లయితే రోజూ పదమూడు, పద్నాలుగు. వేసవిలో ఊళ్లకే ట్యాంకర్లు తోలే చోట జైలుకు అన్ని ఎవరు పంపుతారు? పంపితే పక్క ఊరివాళ్లు ఊరుకుంటారా? భూసేకరణ, చుట్టుగోడ, కాపలా గోపురాలు, కరెంటు, సిబ్బంది మంజూరు అన్నీ కలిస్తే ఏళ్లు పడుతుంది. ఈలోగా ఇరుకు ఇరుకుగానే ఉంటుంది.

ఈ దారి తప్పనిసరైతే ఒంగోలు కోర్టులకు, ప్రభుత్వ ఆసుపత్రికి అరగంట దూరం దాటని చోటే అడగండి. ఊరికి దూరంగా కట్టిన జైలు నుంచి ప్రతి వాయిదాకూ ఏఆర్ (ఆర్మ్‌డ్ రిజర్వ్) పోలీసుల ఎస్కార్ట్ కావాలి. బందోబస్తు డ్యూటీలు పడ్డ రోజు ఎస్కార్ట్ రాదు, మనిషి కోర్టుకు రాడు, వాయిదా పడుతుంది. పడ్డ ప్రతి వాయిదా ఇంకో పదిహేను రోజులు జైల్లో ఒక చోటు తినేస్తుంది. వీడియో ద్వారా రిమాండ్ పొడిగించే వీలుంది, అది మేలే. మొదటిసారి మాత్రం మనిషిని నేరుగా మేజిస్ట్రేట్ ముందు నిలబెట్టాల్సిందే.

సబ్ జైళ్లు

నాకు అన్నిటికన్నా నచ్చినదీ, ఎవరూ గట్టిగా అడగనిదీ ఇదే. పాత తాలూకా కేంద్రాల్లో తాలూకా ఆఫీసు, కోర్టు, సబ్ జైలు ఒకదాని పక్కన ఒకటి కట్టేవాళ్లు. వెనక ఉన్న ఆలోచన సరళమైనది. రిమాండ్ ఖైదీ కోర్టుకు నడిచి వెళ్లగలిగేంత దగ్గర ఉండాలి. కందుకూరు, కావలి, మార్కాపురం లాంటి చోట్ల ఈ ఆలోచన ఇప్పటికీ పనికొస్తుంది. ఇంటివాళ్లు షేర్ ఆటోలో వచ్చి చూసి పోతారు. లాయర్ కోర్టు నుంచి వెళ్తూ పలకరిస్తాడు. బెయిల్ మంజూరైతే కాగితం ఆ సాయంత్రానికే జైలు చేరుతుంది.

పాత సబ్ జైళ్లకు లోపాలు లేకపోలేదు. గోడలు చెమ్మ పడతాయి, గాలి ఆడదు, మరుగుదొడ్లు చాలవు, డాక్టర్ రోజూ ఉండడు. గాలి ఆడని గదిలో ఒకరికి క్షయ ఉంటే అందరికీ టెన్షనే. ఇరవై మంది కోసం కట్టిన గదిలో నలభై మందిని పెడితే అది ఇల్లు దగ్గరైనా నరకమే. కాబట్టి బాగుచేయడమంటే సున్నం వేయడం అనుకోవద్దు. పైకప్పు ఎత్తు, కిటికీలు, మరుగుదొడ్లు, నీటి ట్యాంకు, వారానికి ఇన్నిసార్లు డాక్టర్ వస్తాడన్న హామీ, వీడియో గది, లాయర్ ఒంటరిగా మాట్లాడే చిన్న చోటు, ఇవన్నీ కావాలి. మంచి సంగతేమిటంటే ఇందులో భూసేకరణ లేదు, పని ముక్కలుగా చేసుకోవచ్చు. ఒక సబ్ జైలు బాగైన రోజే దాని మేలు కనపడుతుంది, మిగతావి అయ్యేదాకా ఆగనక్కర్లేదు.

ఒక జాగ్రత్త. ఆరుగురికి ఒకరు అన్న లెక్క చిన్న జైల్లో సరిపోదు. ఇరవై మంది ఉన్న జైలుకైనా మూడు షిఫ్టులకూ గేటు దగ్గర ఒకరు, లోపల ఒకరు తప్పరు. అందుకే చిన్న జైలుకు తలసరి జీతాల ఖర్చు ఎక్కువ. అధికారులు సబ్ జైళ్లు మూసి అందర్నీ పెద్ద జైల్లో కలిపేద్దాం అనడానికి ఈ ఖర్చే కారణమవుతుంది. ఆ మాట వచ్చినప్పుడు ఎస్కార్ట్ ఖర్చు, పడ్డ వాయిదాలు కూడా లెక్కలో వేయమని అడగండి.

త్వరగా చెప్పేయాల్సినవి

వేరే జైలుకు బదిలీ: ఒక జైల్లో ఖాళీ ఉండి ఇంకోటి నిండితే కొన్ని వారాలకు పనికొస్తుంది. శిక్ష పడ్డవాళ్లకు పర్వాలేదు. రిమాండ్‌లో ఉన్నవాళ్లను కోర్టు నుంచి దూరం చేయడం తప్పు.

రేకుల షెడ్లు: రోహిణి కార్తెలో మన ఎండల్లో రేకుల కింద మనిషిని బంధించి ఉంచడం శిక్ష మీద ఇంకో శిక్ష. తుఫాను రోజుల్లో ఆ రేకులు ఉంటాయో లేదో కూడా నమ్మకం లేదు. వద్దు.

ఆరుబయలు జైలు: అనంతపురం దగ్గర రెడ్డిపల్లిలో ఖైదీల వ్యవసాయ కాలనీ 1965 నుంచి ఉంది. మంచి ప్రవర్తన ఉన్నవాళ్లు అక్కడ పొలం పని చేస్తూ శిక్ష పూర్తి చేస్తారు. ఎత్తైన గోడలు, అంత కాపలా అక్కర్లేదు కాబట్టి ఖర్చు చాలా తక్కువ. నాకు గౌరవమున్న పద్ధతి. కానీ అది శిక్ష పడ్డవాళ్లలో కొందరికే. నలుగురిలో ముగ్గురు విచారణ ఖైదీలైన చోట అది అసలు ఇరుకును తగ్గించలేదు.

మహిళలకు: ప్రత్యేక మహిళా జైళ్లు రాజమండ్రి, కడపల్లో ఉన్నాయి. ఇక్కడి మహిళను అక్కడికి పంపితే పిల్లలు ఆమెను చూడలేరు. ఆరేళ్ల లోపు పిల్లల్ని తల్లి దగ్గర ఉంచుకోవచ్చని ఆర్.డి. ఉపాధ్యాయ్ కేసులో 2006లో సుప్రీంకోర్టు మార్గదర్శకాలు ఇచ్చింది, ఆ కేసు మన రాష్ట్రం పేరు మీదే ఉంది. ఆరేళ్లు దాటిన పిల్లల సంగతి ఎవరు చూస్తారు? మహిళల సంఖ్య తక్కువ. వాళ్లకు పెద్ద కట్టడం అడగడం కన్నా దగ్గరలోనే వేరే గోడ, మహిళా సిబ్బంది, ఇంకా ముందుగా బెయిల్ అడగడం మంచిది.

తూము పూడిక

కొన్నేళ్ల కిందట ఒక జైల్లో ఒక కుర్రాడిని కలిశాను. దొంగతనం కేసు, మొదటిసారి. రిమాండ్‌కు వచ్చిన ఇరవై రోజులకే బెయిల్ వచ్చింది. ఇద్దరు జామీనుదారులు కావాలన్నారు. ఇంటి పన్ను రశీదు పెట్టి తనకోసం నిలబడేవాళ్లు ఊళ్లో ఎవరూ దొరకలేదు. తల్లి మేకలు మేపుకునే మనిషి. బెయిల్ వచ్చాక కూడా దాదాపు రెండు నెలలు లోపలే ఉన్నాడు. షరతు మార్చమని అర్జీ పెట్టాక సొంత పూచీకత్తు మీద వదిలారు. ఆ రెండు నెలలు అతను పడుకున్న 40 చదరపు అడుగులకు కొత్త బ్యారక్ కట్టాలని మనం అడుగుతున్నాం. నా బాధ అదే.

చట్టం ఈ విషయంలో పేదవాడి వైపే ఉంది. 1978లో మోతీరామ్ కేసులో సుప్రీంకోర్టు జడ్జి జస్టిస్ కృష్ణయ్యర్ స్థానిక జామీనుదారులే కావాలని పట్టుబట్టడాన్ని తప్పుపట్టారు. 2023 జనవరి 31న సుప్రీంకోర్టు ఇంకా వివరంగా చెప్పింది. బెయిల్ వచ్చిన ఏడు రోజుల్లో మనిషి విడుదల కాకపోతే జైలు సూపరింటెండెంట్ ఆ సంగతి పేదలకు ఉచిత న్యాయసహాయం అందించే జిల్లా న్యాయసేవాధికార సంస్థకు తెలపాలి. నెల రోజుల్లో పూచీకత్తు పెట్టలేకపోతే కోర్టు తనంత తానే షరతు సడలించే విషయం చూడొచ్చు. 2023లోనే కేంద్రం పేద ఖైదీల సాయానికి పథకం తెచ్చింది. దాని కింద విచారణ ఖైదీకి 40,000 రూపాయల వరకు, జరిమానా కట్టలేక ఉండిపోయినవాళ్లకు 25,000 వరకు ఇచ్చే ఏర్పాటు చేశారు. దీని గురించి లోపల చాలామందికి తెలియదు.

నల్లమల, వెలుగొండల్లో ఎర్రచందనం కేసుల్లో దొరికే తమిళ కూలీల పరిస్థితి ఇంకా కష్టం. ఊరు తమిళనాడు కొండల్లో, కేసు ఇక్కడ. స్థానిక జామీనుదారు ఎక్కడ దొరుకుతాడు? భాష తెలియదు, ఏ సెక్షనో తెలియదు. తమిళం తెలిసిన న్యాయసహాయ లాయర్‌ను నెలకు రెండుసార్లు పంపడం ఒక గది కట్టడం కన్నా చవక.

2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో (క్రిమినల్ కేసులు నడిపే పద్ధతి చెప్పే చట్టం) 479వ సెక్షన్ ఉంది. మొదటిసారి కేసులో ఇరుక్కున్నవాళ్లు గరిష్ఠ శిక్షలో మూడో వంతు, మిగతావాళ్లు సగం జైల్లోనే గడిపేస్తే బెయిల్ మీద వదలాలి. ఉరి, యావజ్జీవం పడే కేసులకు ఇది వర్తించదు. ఒకరి మీద ఒకటికి మించి కేసులున్నా వర్తించదు. అర్జీ పెట్టాల్సిన బాధ్యత జైలు సూపరింటెండెంట్‌దే. పాత కేసులకూ ఇది వర్తిస్తుందని సుప్రీంకోర్టు 2024 ఆగస్టులో చెప్పింది. మంచి సెక్షనే గానీ దీని మీద మరీ ఆశ పెట్టుకోవద్దు. మూడేళ్ల గరిష్ఠ శిక్ష ఉన్న చిన్న దొంగతనానికి మూడో వంతంటే ఏడాది. ఏడాది లోపలుంటేనే ఉపయోగం. ఏళ్ల తరబడి మగ్గుతున్నవాళ్లకు ఇది ఊరట, కొన్ని నెలలే ఉంటూ జైలు నింపుతున్న జనానికి కాదు. వాళ్లకు పనికొచ్చేది బెయిల్ షరతుల సడలింపే.

అన్ని కేసులూ ఈ తూములో నుంచి పోవు. రహదారి మీద దొరికే గంజాయి కేసుల్లో 20 కిలోలు దాటితే బెయిల్ చాలా కష్టం, ఛార్జిషీటుకే 180 రోజుల గడువు. అలాంటివాళ్లు ఎక్కువయ్యే కొద్దీ నిజంగానే చోటు కావాలి. అక్కడ కూడా ల్యాబ్ రిపోర్టు త్వరగా రప్పించి విచారణ ముగిస్తే చోటు మిగులుతుంది. శిక్ష పడితే పెద్ద జైలుకు, కేసు కొట్టేస్తే ఇంటికి.

మరి ఏది ఎంచుకోవాలి?

మీ ఊరు తీరం వైపు, కావలి, కందుకూరు చుట్టుపక్కలైతే సబ్ జైలు మరమ్మతు మొదట అడగండి. కొత్త కట్టడం మాట ఎత్తవద్దు. మార్కాపురం, గిద్దలూరు వైపైతే సబ్ జైలుతో పాటు డాక్టర్, నీళ్లు, వీడియో గది పేరు పెట్టి రాయండి, దూరం మిగతా అన్నిటికన్నా మిమ్మల్నే ఎక్కువ బాధిస్తుంది. ఒంగోలువాళ్లు జిల్లా జైలును ఉన్నచోటే పెంచే వీలుందో లేదో ఇంజినీరింగ్ నివేదిక అడిగి, అది లేదని తేలితేనే కొత్త స్థలం అడగాలి. నెల్లూరువాళ్లు చెముడుగుంట విస్తరణ అడిగితే శిక్ష పడ్డవాళ్ల సంఖ్య చూపించి అడగండి. రిమాండ్ సంఖ్యతో అడిగితే తప్పు చోట బ్యారక్ వస్తుంది.

ఎక్కడివారైనా జిల్లా జడ్జి అధ్యక్షతన, కలెక్టర్, ఎస్పీ సభ్యులుగా ఉండే విచారణ ఖైదీల సమీక్ష కమిటీకి ఒక ప్రతి పంపండి. కట్టడాల వినతి జైళ్ల శాఖకు వెళ్తుంది, తూము సంగతి ఈ కమిటీ చేతిలో ఉంది.

ఒంగోలులో మేం రాసిన వినతిపత్రం చివరికి రెండు పేజీలైంది. కట్టడాల గురించి రెండో పేజీలో ఉంది. మొదటి పేజీ మొదటి వాక్యంలో అడిగింది ఒక్క కాగితం. బెయిల్ వచ్చి కూడా ఇంకా లోపలే ఉన్నవాళ్ల జాబితా, పేరు, కేసు నంబరు, ఎన్ని రోజులైందో, ప్రతి సోమవారం జైలు నుంచి న్యాయసేవాధికార సంస్థకు చేరాలి.